నీమ్రానా: ఒక్కో గదిగా బాగుచేసుకున్న కోట

ఆరావళి కొండ వాలు మీద పాడుబడ్డ కోటను 1986లో కొన్నవారిలో ముందు నిలిచింది ఇద్దరు. ఒకరు చరిత్ర చదువుకున్న ఢిల్లీవాసి, ఇంకొకరు ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన వ్యక్తి. కట్టుబడి పని ఇద్దరికీ కొత్తే. ఊళ్ళో పాత ఇల్లున్న తెలుగువాళ్ళకు వాళ్ళు చేసిన పనిలో నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఢిల్లీ నుంచి జైపూర్ వెళ్ళే జాతీయ రహదారి మీద గురుగ్రామ్, మానేసర్, ధారూహేడా దాటుకుంటూ పోతే, హర్యానా అయిపోయి రాజస్థాన్ మొదలైన కాసేపటికి నీమ్రానా వస్తుంది. ఢిల్లీకి దాదాపు 120 కిలోమీటర్లు. రోడ్డు వెంట లారీలు, ధాబాలు, జపాన్ కంపెనీల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పారిశ్రామికవాడ, అందులో పనిచేసేవాళ్ళ కోసం లేచిన అపార్ట్‌మెంట్లు. హైవే వదిలి ఊళ్ళోకి తిరిగితే కొండ వాలును పట్టుకుని అంచెలంచెలుగా పైకెక్కిన కోట కనిపిస్తుంది. లేత పసుపు గోడలు, బురుజులు, గోడల్లోంచి ముందుకు వచ్చిన ఝరోకాలు, పైన చిన్న చిన్న ఛత్రీలు.

ఢిల్లీ చుట్టుపక్కల జిల్లాలను కలిపి జాతీయ రాజధాని ప్రాంతాన్ని ఏర్పరిచే చట్టం 1985లో వచ్చింది. రాజస్థాన్ వైపు నుంచి అల్వర్ ప్రాంతం అందులో చేరింది. అలా నీమ్రానా కూడా రాజధాని పరిధిలోదే. 2023లో జిల్లాలను విడగొట్టాక ఇది కోట్‌పుత్లీ-బహరోడ్ జిల్లా కిందికి వచ్చింది.

ఇవాళ ఈ కోటలో డెబ్బైకి పైగా గదులున్నాయి. శని, ఆదివారాల్లో ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌ల నుంచి వచ్చే కుటుంబాలతో కళకళలాడుతుంది. నలభై ఏళ్ళ కిందట ఇక్కడ ఉన్నది శిథిలమే. దాన్ని మళ్ళీ మనుషులుండే చోటుగా మార్చింది ప్రభుత్వ శాఖ కాదు, పెద్ద నిర్మాణ సంస్థా కాదు. పాత కట్టడాలంటే ప్రాణం పెట్టే కొద్దిమంది స్నేహితులు పూనుకుని చేశారు. పని కొత్త, డబ్బు పరిమితం కాబట్టి నిదానంగా చేశారు. ఆ నిదానమే కోటను కాపాడిందని నా నమ్మకం.

కొండ దిగిన రాజు

1192లో తరాయిన్ యుద్ధంలో పృథ్వీరాజ్ చౌహాన్ ఓడిపోయాక ఆ వంశీకులు చెల్లాచెదరయ్యారు. వాళ్ళలో ఒక శాఖ ఈ ప్రాంతానికి చేరి పాగా వేసింది. కోట పుట్టుకకు 1464వ సంవత్సరాన్ని చెబుతారు. ఇక్కడి మేవ్ నాయకుడు నిమోలా చౌహాన్ల చేతిలో ఓడిపోయి, రాజ్యం పోయినా తన పేరైనా నిలపమని వేడుకున్నాడని, అందుకే ఊరికి ఈ పేరు వచ్చిందని స్థానిక కథ. ఆ తర్వాతి తరాల చౌహాన్లు అవసరాన్ని బట్టి ఒక మహలు, ఒక ప్రాంగణం, ఒక బురుజు చేర్చుకుంటూ పోయారు. ఇంత పెద్ద కట్టడం ఒక్క నమూనా గీసుకుని కట్టింది కాదు. కొండ ఎలా వంగితే గోడ అలా వంగింది.

1947లో రాజా రాజేంద్ర సింగ్ కోట వదిలి కింద ఉన్న విజయ్ బాగ్‌కు మారిపోయారు. అప్పటికే ముందువైపు గోడలు రాలుతున్నాయి. 1952లో రాజస్థాన్‌లో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. 1971లో రాజభరణాలు ఆగిపోయాయి. రాబడి లేని కోటకు ఏటా మరమ్మతు చేయించడం ఎవరి తరం? వానకు పైకప్పు నానింది, కప్పు పడ్డాక గోడల్లోకి నీరు దిగింది, పగుళ్ళలో రావి మొక్కలు వేళ్ళూనాయి. మనుషులు కదిలిపోయిన ఏ ఇంటి గతైనా ఇంతే. కోటయినా, కోనసీమలో మండువా లోగిలి అయినా పాడయ్యే వరస ఒక్కటే: ముందు కప్పు, తర్వాత గోడ, చివరికి పునాది.

ఇద్దరు కొత్తవాళ్ళు

ఫ్రాన్సిస్ వాక్జియార్గ్ 1942లో పారిస్‌లో పుట్టారు. 1970 ప్రాంతంలో ఉద్యోగరీత్యా భారతదేశం వచ్చి, తిరిగి వెళ్ళకుండా ఇక్కడే వ్యాపారం చేసుకుంటూ ఉండిపోయారు. 1990లో భారత పౌరసత్వం తీసుకున్నారు. అమన్ నాథ్ ఢిల్లీలో చరిత్ర చదువుకున్నవారు, రచయిత. 1984లో వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు.

వీళ్ళిద్దరినీ కలిపి నడిపించింది షెఖావతీ ప్రాంతం. రాజస్థాన్‌లో ఝుంఝునూ, సీకర్ జిల్లాల చుట్టూ ఉన్న ఆ నేల మార్వాడీ వర్తకుల పుట్టిల్లు. కలకత్తా, బొంబాయిలలో సంపాదించిన డబ్బుతో వాళ్ళు సొంత ఊళ్ళలో హవేలీలు కట్టి, గోడల నిండా బొమ్మలు వేయించారు. పిల్లలు నగరాల్లో స్థిరపడ్డాక ఆ ఇళ్ళకు తాళాలు పడ్డాయి. చాలా చోట్ల ఒక కాపలాదారు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ గోడల మీద పుస్తకం రాయడానికి ఇద్దరూ ఊరూరూ తిరిగారు. అది 1982లో అచ్చయింది. 1977లో ఆ తిరుగుళ్ళలోనే నీమ్రానా కోట వాళ్ళ కంటపడింది.

చూసిన వెంటనే కొనలేదు. 1986లో మరో ఇద్దరు మిత్రులతో కలిసి ఆ శిథిలాన్ని తీసుకున్నారు. ఐదేళ్ళ పని తర్వాత, 1991లో, కొద్ది గదులు మాత్రమే తయారైనప్పుడు అతిథులకు తలుపులు తెరిచారు. మిగతా కోట అప్పటికి ఇంకా శిథిలమే. తయారైన గదుల్లో మనుషులు దిగారు, ఆ రాబడి పక్క గదుల మరమ్మతుకు వెళ్ళింది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి.

వాక్జియార్గ్ 2014లో ఢిల్లీలో కన్నుమూశారు. పుట్టిన దేశం కాని దేశంలో, తనకు శిక్షణ లేని పనిలోకి దిగి, ఆయన తన జీవితంలో సగానికి దగ్గర కాలం పాత గోడలకే ఇచ్చారు.

గదుల మధ్య నడక

కోటలోకి ఏటవాలు దారిలో నడిచి వెళ్ళాలి. దారి మలుపు తిరిగినప్పుడల్లా ఒక ద్వారం, ద్వారం దాటితే ప్రాంగణం, అక్కడి నుంచి మళ్ళీ మెట్లు. పదికి పైగా అంతస్తులున్నా అవి భవనానికి వేసినట్టు ఒకదాని మీద ఒకటి ఉండవు. కొండ వెనక్కి జరిగిన కొద్దీ అంతస్తూ వెనక్కి జరుగుతుంది. అందువల్ల ఒక గది పైకప్పు ఇంకో గదికి వాకిలి అవుతుంది. కింద ఊళ్ళో ఇళ్ళ డాబాలు, వాటి అవతల పొలాలు, ఇంకా అవతల ఫ్యాక్టరీ షెడ్లు, ఏ అంతస్తులో నిలబడినా కనిపిస్తాయి.

గదులకు అంకెలు కాదు, పేర్లున్నాయి. ప్రతి పేరు చివరా మహల్ అని ఉంటుంది. ఒక గది ఇంకో గదిలా ఉండదు. పాత గోడ ఎక్కడ ఎంత వంకర ఉంటే దాన్ని అలాగే ఉంచి, గూడు ఉన్నచోట దీపమో పుస్తకాలో పెట్టుకునే వీలు చేశారు. కోట కట్టిన రోజుల్లో స్నానాల గదులు, కుళాయిలు, కరెంటు లేవు. అవన్నీ కొత్తగా అమర్చాలి, గోడకు దెబ్బ తగలకూడదు. నీటి గొట్టాన్ని ఏ గోడలోంచి పంపినా తేమ పట్టే ప్రమాదం ఉంటుంది. పాత ఇంటిని బాగుచేసే ఎవరికైనా తలనొప్పి పనులంటే ఇవే. రంగు వేయడం, దీపాలు తగిలించడం ఆఖరున చేసే తేలిక పనులు.

ఒక అభ్యంతరాన్ని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పాత కట్టడానికి కొత్తగా చేర్చిన భాగం చూడగానే కొత్తదని తెలియాలని 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతుంది. ప్రపంచవ్యాప్తంగా పరిరక్షణ నిపుణులు పాటించే సూత్రమిది. నీమ్రానాలో కొత్త భాగాలు పాతవాటిలో కలిసిపోయాయి. ఆ కొలతతో చూస్తే ఇది శుద్ధమైన పరిరక్షణ కాదు, పునర్వినియోగం. పైగా ఇది హోటల్, డబ్బున్నవాళ్ళకే బస. అయినా పూర్తిగా నేలమట్టం కావలసిన కట్టడం నిలబడింది, ఊళ్ళోవాళ్ళకు అందులో పని దొరికింది. ఆ లాభం ముందు ఆ నష్టం చిన్నదే అనుకుంటాను.

సున్నం పని

పాత కట్టడాల పని నేర్చుకోవాలంటే ముందు సున్నం నేర్చుకోవాలి. రాజస్థాన్ కోటలకైనా, మన గోల్కొండకైనా ప్రాణం సున్నమే. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే పొడిసున్నం అవుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే పొగలు కక్కుతూ ఉడుకుతుంది. అలా విరిసిన సున్నాన్ని నీళ్ళలోనే ఉంచి రోజులు, వారాలు మాగనిస్తారు. ఎంత మాగితే అంత మెత్తన, అంత జిగురు. దానికి ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో రుబ్బుతారు. గుండ్రటి తొట్టిలో రాతి చక్రం తిరుగుతుంటే మిశ్రమం మెత్తబడుతుంది. మన వైపు దాన్ని గానుగ సున్నం అనీ, డంగు సున్నం అనీ అంటారు. బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు, నానబెట్టిన మినుముల నీళ్ళు, కరక్కాయ కషాయం, ఇలా ప్రాంతానికొకటి కలిపేవారు. రాజస్థాన్‌లో చివరి పూతను ఆరాయిష్ అంటారు. పాలరాతి పొడి కలిపిన మేలురకం సున్నాన్ని పలచగా పూసి, తడి ఆరకముందే నున్నటి రాయితో రుద్ది రుద్ది అద్దంలా మెరిపిస్తారు.

ఈ పనిలో తొందర కుదరదు. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని. అది నెలల తరబడి సాగే ప్రక్రియ. పూత పూసిన తర్వాత గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. ఒక పొర ఆరాకే ఇంకో పొర. వేసవిలో తొందరగా ఎండితే చీలుతుంది, వానలో తడిస్తే జారుతుంది.

మరి సిమెంటు ఎందుకు వద్దు? సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. అలాంటి గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. తేమతో పాటు ఉప్పు పైకి వచ్చి పూత వెనకే గడ్డకడుతుంది. రెండు మూడేళ్ళకు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, దాంతో పాటు లోపలి ఇటుక ముఖం కూడా ఊడుతుంది. చౌడు పట్టిన గోడ అని మనం అనేది చాలాసార్లు సిమెంటు పూసిన పాత గోడే. మళ్ళీ సిమెంటే పూస్తే రోగం ముదురుతుంది.

దీనికి పెద్ద సాక్ష్యం ఢిల్లీలోనే ఉంది. హుమాయూన్ సమాధి పైకప్పు మీద ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పొరలు పొరలుగా కాంక్రీటు పోశారు. 2007లో ఆగా ఖాన్ ట్రస్టు, భారత పురావస్తు శాఖ కలిసి పని మొదలుపెట్టినప్పుడు అక్కడి నుంచి దాదాపు పది లక్షల కిలోల కాంక్రీటును చేత్తో తవ్వి తీయవలసి వచ్చింది. కట్టడానికి కీడు చేస్తున్న ఆ బరువు దించాకే సున్నం పని మొదలైంది. పని ముగిసేసరికి 2013 వచ్చింది. అదే ఏడాది ఆ ట్రస్టు హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల పనికి పూనుకుంది. అక్కడా సిమెంటును తొలగించడం, సున్నాన్ని తిరిగి తేవడం. 2013 వానల్లో కూలిన బడీ బావడీ అనే మెట్ల బావిని తిరిగి కట్టారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. ఢిల్లీలో మేస్త్రీలు నేర్చిన పనికీ మన గోల్కొండ పనికీ మధ్య ఉన్న ఈ బంధం తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు.

చుట్టుపక్కల మరికొన్ని

నీమ్రానా తర్వాత అదే బృందం ఇంకొన్ని పాత కట్టడాలకు ప్రాణం పోసింది. అల్వర్ దగ్గర కేస్రోలీలో గుట్ట మీదున్న చిన్న కోట ఒకటి. 1835లో మొదలై, కట్టించిన రాజు పోవడంతో పూర్తికాకుండా మిగిలిన తిజారా కోట ఇంకొకటి.

పాత ఢిల్లీలో జామా మసీదు దగ్గరి గల్లీలో 1887 నాటి హవేలీ ధరంపురాను రాజకీయ నాయకుడు విజయ్ గోయల్ కుటుంబం కొని బాగుచేసింది. దాదాపు ఆరేళ్ళు పట్టింది. 2017లో యునెస్కో పురస్కారాల్లో ప్రశంస అందుకుంది. ఇరుకు సందులోకి లారీ రాదు కాబట్టి రాళ్ళు, దూలాలు మనుషులే మోయాలి. నగరం నడిబొడ్డున పాత ఇంటి పనికి ఉండే కష్టం అలాంటిది.

రాజధాని పరిధి దాటి షెఖావతీలోకి వెళితే ఫతేపూర్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. ఫ్రెంచి చిత్రకారిణి నదీన్ లె ప్రాన్స్ 1802 నాటి హవేలీని 1990ల చివర్లో కొని, గోడల మీది బొమ్మలను ఓపిగ్గా కాపాడుకుంటూ వచ్చారు. యజమానుల పిల్లలు వదిలేసిన ఇంటిని వేల మైళ్ళ నుంచి వచ్చిన మనిషి ఆదరించింది.

వెళ్ళాలనుకుంటే

అక్టోబర్ నుంచి మార్చి వరకు మంచి కాలం. వేసవిలో ఎండ మాడ్చేస్తుంది. ఢిల్లీ నుంచి కారులో వెళితే ట్రాఫిక్‌ను బట్టి రెండున్నర, మూడు గంటలు. గదులు తీసుకోకపోయినా, పగటిపూట టికెట్ కొనుక్కుని కోట చూసే వీలుంది. ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ఆలోచించుకోండి. కోటతో ఆగిపోకుండా, దగ్గర్లోనే ఉన్న తొమ్మిది అంతస్తుల మెట్ల బావిని తప్పకుండా చూడండి. భూమిలోకి అంత లోతుగా దిగిన రాతి పని, నీటి విలువ తెలిసిన సమాజం మాత్రమే చేయగలిగిన పని.

మన ఊరి ఇల్లు

కోటల కథ మనకెందుకు అనుకోవద్దు. కామారెడ్డి జిల్లా దోమకొండ గడిని దాని వారసుల కుటుంబం ఏళ్ళ తరబడి, సున్నంతో, పాత పద్ధతిలోనే బాగుచేయించింది. 2022లో దానికీ యునెస్కో పురస్కారం వచ్చింది. తెలంగాణలో ఇంకా ఎన్నో గడీలు కూలిపోతున్నాయి. వాటితో ముడిపడిన దొరల దౌర్జన్యాల జ్ఞాపకం ఊళ్ళలో ఇంకా చేదుగానే ఉంది, ఆ చేదుకు కారణముంది. అందుకే అలాంటి గోడల మధ్య బడో గ్రంథాలయమో నడిస్తే, ఊరు దాన్ని తనదిగా చేసుకుంటుంది. ఇక గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు, రాయలసీమ మిద్దెలు, పల్లెపల్లెకూ ఉన్న పెంకుటిళ్ళు. పిల్లలు హైదరాబాద్‌లోనో, గురుగ్రామ్‌లోనో, డాలస్‌లోనో. ఇల్లు చూసేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు జేసీబీ వస్తుంది.

ఆ జేసీబీని పిలిచేముందు ఒక్క వానాకాలం ఆ ఇంట్లో గడపండి. నీరు ఎక్కడ కారుతోంది, ఏ గోడ ఎంత ఎత్తు దాకా తడుస్తోంది, చూరు నీళ్ళు పునాది పక్కనే పడుతున్నాయా, అన్నీ కళ్ళారా చూడండి. ముందు కప్పు సంగతి. పగిలిన పెంకులు మార్చి, పుచ్చిన వాసం వరకే తీసి కొత్తది వేస్తే ఇంటికి సగం జబ్బు నయమవుతుంది. చుట్టూ మట్టి పేరుకుని నేల ఎత్తు పెరిగి ఉంటే తవ్వించి, నీరు గోడకు దూరంగా పోయే కాలువ తీయించండి. మట్టి గోడకు, సున్నపు గోడకు సిమెంటు పూయించకండి. దూలం కుంగినా, గోడ బీట వారినా అనుభవమున్న ఇంజినీరుకు చూపించాలి, అందులో సాహసం వద్దు. అన్నదమ్ముల మధ్య ఆస్తి కాగితాలు తేల్చుకోకుండా పెద్ద ఖర్చులోకి దిగవద్దు.

ఊళ్ళో సున్నం పని, పెంకు నేత తెలిసిన ముసలి మేస్త్రీ ఒకరైనా ఇంకా ఉంటారు. ఆయన్ని పిలిచి, మంచి కూలి ఇచ్చి, పక్కన నిలబడి నేర్చుకోండి. వీలైతే ఊరి కుర్రవాళ్ళను ఇద్దరిని ఆయన దగ్గర పనికి పెట్టండి. ఆయనతో ఆ విద్య పోతే, తర్వాత ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు. హుమాయూన్ సమాధి దగ్గర రంగు పలకల పని తెలిసినవాళ్ళు ఇక్కడ దొరకక, ఉజ్బెకిస్తాన్ నుంచి నిపుణులను రప్పించి నిజాముద్దీన్ బస్తీ యువకులకు నేర్పించవలసి వచ్చింది.

అన్నింటికన్నా ముఖ్యం, ఇల్లంతా ఒకేసారి తలకెత్తుకోకండి. ఒక్క గది బాగుచేయండి, అందులో ఉండండి. పండక్కి పిల్లలను తీసుకెళ్ళి అక్కడే పడుకోబెట్టండి, లేదా ఊళ్ళో పిల్లలకు చదువుకునే గదిగా ఇవ్వండి. మనిషి తిరిగే గదికి చెద పట్టినా, చుక్క కారినా వెంటనే తెలుస్తుంది, వెంటనే బాగవుతుంది. నీమ్రానాను తిరిగి నిలబెట్టినవాళ్ళు చేసింది ఇదే, అదీ ఏ శిక్షణా లేకుండా. మన పెద్దల ఇల్లు ఆ కోట కన్నా చాలా చిన్నది. మనమూ చేయగలం, ఆలస్యం కాకముందే మొదలుపెట్టాలి.